దారి తెరిచే ఉంది, తలుపులే మూసుకున్నాయి

పాత కంప్యూటరును అంతర్జాలానికి కలపడం పొద్దుపోనివారి వేడుక అని చాలామంది అభిప్రాయం. అంతకంటె వేయిరెట్లు చురుకైన ఫోను జేబులో ఉండగా ఆ ముసలి పెట్టెతో పాట్లెందుకని వారు అడుగుతారు. ప్రశ్న సబబైనదే. అయినా నాకిది వేడుకగా కంటె పరీక్షగా కనబడుతుంది. పరీక్ష ఆ పెట్టెకు కాదు, అంతర్జాలానికి. అందరిదీ అని మనం చెప్పుకొనే ఈ వ్యవస్థ పాత యంత్రాన్ని ఎంతవరకు లోనికి రానిస్తుంది, ఎక్కడ ఆపుతుంది, ఆ ఆపడంలో న్యాయమెంత, నిర్లక్ష్యమెంత? ఈ లెక్క తేల్చడానికి పాత కంప్యూటరును మించిన గీటురాయి లేదని నా వాదం.

ముందుగా అంతర్జాలం పక్షాన చెప్పవలసిన మంచి మాట చెబుతాను. ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును 1981 ఆగస్టు 12న ప్రకటించింది. ఇంటెల్ 8088 ప్రాసెసరు, 4.77 మెగాహెర్ట్జుల వేగం, ప్రాథమిక నమూనాలో 16 కిలోబైట్ల మెమరీ. ఆ మరుసటి నెలలోనే, అంటే 1981 సెప్టెంబరులో, ఐ.పి.ని నిర్వచించిన ఆర్.ఎఫ్.సి. 791, టి.సి.పి.ని నిర్వచించిన ఆర్.ఎఫ్.సి. 793 వెలువడ్డాయి. 1983 జనవరి 1న ఆర్పానెట్ తన పాత పద్ధతిని వదలి వీటికి మారింది. అంటే ఆ పెట్టె, ఈ నియమావళి ఒక ఈడువి. తరువాత సవరణలెన్నో వచ్చాయి. 2022లో టి.సి.పి. నియమాలను ఒకచోట కూర్చి ఆర్.ఎఫ్.సి. 9293గా తిరగరాశారు కూడా. అయినా పాత యంత్రం పంపిన ప్యాకెట్టును కొత్త యంత్రం ఇప్పటికీ గుర్తుపడుతుంది, బదులిస్తుంది. నలభై ఏళ్ళకు పైగా నిలబడిన మాట ఇది. కంప్యూటరు రంగంలో ఇంతకాలం మాట నిలుపుకొన్నవి వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే.

నా వద్దనున్నది అంత ప్రాచీనమైనది కాదు. 486 ప్రాసెసరు, 8 మెగాబైట్ల మెమరీ, డాస్. దీనిని జాలానికి కలపడానికి కావలసిన సరంజామా స్వల్పం. ఐ.ఎస్.ఏ. అరలో దూర్చే ఎన్.ఈ.2000 తరహా నెట్‌వర్కు కార్డు ఒకటి, ఆ కార్డుకు తగిన ప్యాకెట్ డ్రైవరు ఒకటి, మైకేల్ బ్రుట్‌మన్ డాస్ కోసం రాసిన ఎం.టి.సి.పి. అనే ఉపకరణాల సంచిక ఒకటి. కార్డుకు ఏ ఇంటరప్టు సంఖ్య కేటాయించాలన్నదే కొంచెం తల గోక్కోవలసిన సంగతి. మూడు ఇస్తే రెండవ సీరియల్ పోర్టుతో తగవు, ఐదు ఇస్తే ఒక్కొక్కప్పుడు సౌండు కార్డుతో తగవు. అది కుదిరాక రౌటరుకు తీగ తగిలిస్తే చాలు. సెకనుకు పది మెగాబిట్ల ఆ ముసలి కార్డును రౌటరు ఏ గొణుగుడూ లేకుండా చేర్చుకొంటుంది. డి.హెచ్.సి.పి. ద్వారా చిరునామా ఇస్తుంది. పింగ్ పంపితే సముద్రాల అవతలి సర్వరునుంచి బదులు వస్తుంది. దారి తెరిచే ఉంది.

చిక్కు మొదలయ్యేది ఆ దారిన నడిచి ఒక ఇంటి ముందుకు చేరినప్పుడు. నేటి జాలస్థలుల్లో అధికభాగం టి.ఎల్.ఎస్. అనే తాళం వెనుక ఉన్నాయి. 1999లో వచ్చిన టి.ఎల్.ఎస్. 1.0ను, దాని తరువాతి 1.1ను 2021 మార్చిలో ఆర్.ఎఫ్.సి. 8996 ద్వారా లాంఛనంగా తొలగించారు. పెద్ద బ్రౌజర్లు అప్పటికే వాటిని పక్కనపెట్టాయి. కొత్త తాళానికి కావలసిన గణితాన్ని 486 చేయలేదని కాదు. అది చేసేలోగా అవతలి సర్వరు విసిగి తలుపు వేసుకొంటుంది. దీనికి తోడు గడియారం చిక్కొకటి. మదర్‌బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోతే చాలా యంత్రాలు తమ తేదీని 1980 జనవరి 1గా భావిస్తాయి. ఆ యంత్రం దృష్టిలో నేటి ధ్రువపత్రాలన్నీ ఇంకా పుట్టనివే.

ఈ తాళాన్ని నేను తప్పుపట్టను. బ్యాంకు లావాదేవీలకు, ఉత్తరాలకు, సంకేతపదాలకు అది ఉండి తీరాలి. తాళంలేని పుటల్లోకి మధ్యదారిలో ప్రకటనలు చొప్పించిన ఉదంతాలు మనదేశంలోనూ బయటపడ్డాయి. పాత యంత్రాన్ని రక్షణ లేకుండా జాలంలోకి వదలడం ఎంత ప్రమాదమో 2003 నాటి బ్లాస్టర్ పురుగు, 2017 మేలో వనాక్రై చూపించాయి. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. అటువంటి యంత్రంనుంచి డబ్బు వ్యవహారాలు నడపమని నేనెవరికీ సలహా ఇవ్వను. కాబట్టి మూసుకున్న తలుపుల్లో ఇది న్యాయంగా మూసుకున్న తలుపు.

కాని రెండవ తలుపుంది. అది బరువు. వెయ్యి పదాల తెలుగు వ్యాసంలో సుమారు ఎనిమిదివేల వర్ణసంకేతాలు ఉంటాయనుకొందాం. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. అంటే వ్యాసం మొత్తం 24 కిలోబైట్లు. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో అటువంటివి అరవై పడతాయి. మన 486కు అదొక లెక్క కాదు. కాని ఆ వ్యాసాన్ని చూపించే పుట మాత్రం తనతోపాటు స్క్రిప్టులను, ఖతులను, ప్రకటనలను, చదువరిని వెన్నాడే గూఢచారులను వెంటబెట్టుకొని వస్తుంది. పెళ్ళికొడుకు ఒక్కడే, విడిదింట్లో దిగినవారు మాత్రం ఊరంతా. ఈ తలుపును మూసింది భద్రత కాదు, అలవాటు. దీనిని సమర్థించే వాదం నాకొక్కటీ కనబడలేదు.

తెలుగు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డాస్‌కు తెలుగు రాదు. తాళం లేని ఒక సర్వరునుంచి తెలుగు యూనికోడు ఫైలును నా 486లోకి దింపుకొని తెరిస్తే, ప్రతి వర్ణసంకేతం స్థానంలో గ్రీకు ఆల్ఫా ఒకటి, చుక్కలు నింపిన గడి ఒకటి, వాటి పక్కన ఇంకేదో ఒక గుర్తు కనబడ్డాయి. తెరనిండా ఆల్ఫాల దండు. అదే ఫైలును ఫ్లాపీలోకి ఎక్కించి కొత్త కంప్యూటరులో తెరిస్తే ఒక్క వొత్తు చెదరకుండా తెలుగు ప్రత్యక్షమైంది. పాత యంత్రానికి చదవడం రాలేదు గాని, మోయడం వచ్చింది. చదువురాని జవాను ఉత్తరాన్ని భద్రంగా అందించినట్లు.

ఒకప్పుడు మన దినపత్రికల సైట్లు తలా ఒక ఖతిని, తలా ఒక సంకేతక్రమాన్ని పెట్టుకొన్న సంగతి మీకు తెలిసినదే. ఆ ఖతి ఉన్న యంత్రంలో ముత్యాల్లాంటి అక్షరాలు, లేని యంత్రంలో అయోమయం. ఖతి అదృశ్యమైతే రాతకూడా అదృశ్యమైనట్లే. వాటిని యూనికోడులోకి మార్చడానికి పద్మ వంటి ఉపకరణాలను ప్రత్యేకంగా తయారుచేయవలసి వచ్చింది. ఆ తరం మనకు నేర్పిన పాఠం, ఈ పాత పెట్టె నేర్పుతున్న పాఠం ఒక్కటే. చూపే సాధనాన్ని నమ్ముకొన్న రాత సాధనంతోపాటే పోతుంది. అందరూ ఒప్పుకొన్న సాదా సంకేతాలలో ఉన్న రాత, చూడగల కన్ను వచ్చేదాకా ఓపిక పట్టగలదు.

దీనికొక మధ్యేమార్గం ఉంది. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కొత్త యంత్రాన్ని పెట్టి, తాళాలు తీసే పని దానికి అప్పగించి, తేలిక చేసిన పాఠాన్ని సీరియల్ తీగమీదుగా పాత యంత్రానికి అందించవచ్చు. ఇదేమీ కొత్త ఊహ కాదు. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. మనదేశ ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించినప్పుడు షెల్ ఖాతా తీసుకొన్నవారు చేసింది ఇదే. నిజంగా జాలంలో ఉన్నది అవతలి సర్వరు, ఇంట్లోని పెట్టె వట్టి తెర మాత్రమే. లింక్స్ బ్రౌజరులో బొమ్మలు లేని అక్షరాలను చదువుకొని సంతోషించిన తరం అది. మధ్యవర్తి మన ఇంటివాడైనంతకాలం నాకీ పద్ధతిమీద ఆక్షేపణ లేదు. కాని అందరూ మధ్యవర్తిని పెట్టుకోలేరు కదా.

ఇక్కడే ఇది వేడుకల పరిధి దాటుతుంది. ముసలి యంత్రమంటే 486 ఒక్కటే కాదు. ఇంట్లో పెద్దవారికి వదిలేసిన ఫోను, బడిలో దానంగా వచ్చిన కంప్యూటరు, ఇవీ ఆ వరుసలోవే. 2021 సెప్టెంబరు 30న డి.ఎస్.టి. రూట్ సి.ఏ. ఎక్స్3 అనే మూల ధ్రువపత్రం గడువు తీరింది. దానిమీద ఆధారపడిన పాత యంత్రాలు ఎన్నో జాలస్థలుల ముందు నిలిచిపోయాయి. ఆండ్రాయిడ్ 7.1.1కు ముందరి ఫోన్లలో కొత్త మూలపత్రం లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు ఒక ప్రత్యేక ఏర్పాటు చేసి వాటిని మరి మూడేళ్ళు, 2024 వరకు, నెట్టుకొచ్చారు. ఈ సంగతి నాకు ముఖ్యమనిపిస్తుంది. పాతవాటిని వెళ్ళగొట్టడం కాలధర్మం కాదు, మనుషుల నిర్ణయం. తలచుకొంటే నిలపవచ్చు.

కనుక రాసేవారిగా, జాలంలో తెలుగును నిలుపుకోవాలనుకొనేవారిగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కథో, పద్యమో, నిఘంటువో ప్రచురించినప్పుడు దాని సాదా పాఠాన్ని యూనికోడు ఫైలుగా పక్కన పెట్టవచ్చు. స్క్రిప్టు నడవకపోయినా చదవడానికి వీలుండే పుటను కోరుకోవచ్చు. లాగిన్ అక్కరలేని, రహస్యమేమీ లేని రచనలను తాళమున్న దారితోపాటు తాళంలేని దారినకూడా అందించవచ్చు. ఏ దారిన రావాలో, ఆ దారిలోని అపాయమెంతో తూచుకోవడం చదువరికి వదిలేయవచ్చు. వీటిలో ఏదీ ఖర్చుతో కూడిన పని కాదు.

ఒక రచన ఎంతకాలం బతుకుతుందో తెలుసుకోగోరేవారు దాన్ని రాబోయే యంత్రంలో తెరిచి చూడలేరు. గడిచిపోయిన యంత్రంలో తెరిచి చూడగలరు. ముప్ఫయ్యేళ్ళ వెనుకటి పెట్టె మోయగలిగిన రాతను ముప్ఫయ్యేళ్ళ తరువాతి పెట్టె చదవగలదని నా నమ్మకం.