ఉరిసే స్లాబుకు బీమా రాదు

2020 అక్టోబరు 13న పట్టిన ముసురు తెల్లారేసరికి హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ మండలం సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ముంపు కుటుంబానికి రూ.10 వేలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతిన్న ఇంటికి రూ.50 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ పదివేలు ఎవరికి అందాయి, ఎవరికి అందలేదన్న రచ్చ నెలల తరబడి నడిచింది. ఇంటి బీమా ఊసెత్తినవారు అరుదు.

ఆ తర్వాత ఆరు నెలలకు, 2021 ఏప్రిల్ 1 నుంచి, సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీని అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అగ్గి, పిడుగు, గాలివాన, వరద, భూకంపం, నీళ్ల ట్యాంకు పగలడం, పైపులు పొంగడం, అల్లర్లు ఇందులోకి వస్తాయి. ఇంట్లో సామాన్ల వివరాలు ఇవ్వకున్నా, భవనం బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు వాటికీ రక్షణ ఉంటుంది. శిథిలాలు ఎత్తిపోసే ఖర్చుకూ కొంత ఇస్తారు. మన దగ్గర పాలసీలు మామూలుగా ఉండే తీరుతో పోలిస్తే ఇది ఉదారమైనదే.

చిక్కు వేరేచోట ఉంది. మన ఇళ్లలో ఏటా కనబడే నష్టం వరద కాదు, ఉరుపు. ఏళ్ల తరబడి స్లాబులోకి ఇంకే చెమ్మ పాలసీ చెప్పే ప్రమాదాల్లో ఏ ఒక్కటీ కాదు. ఉరుపుకూ బీమా వస్తుందని నమ్ముకుని ప్రీమియం కట్టినవాళ్లకు చివరికి నిరాశే. పాలసీ నిజంగా పనికొచ్చేది వరద, గాలివానలకు, వాటికోసమేమో తీసుకునేవాళ్లే తక్కువ.

ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఏ కాలనీలోనైనా డాబా ఎక్కి చూడండి. రేపెప్పుడో వేయబోయే అంతస్తు కోసం వదిలిన పిల్లర్ల చువ్వలు తుప్పుపట్టి నిలబడి ఉంటాయి. వాన నీళ్లు వాటి వెంటే కాంక్రీటులోకి దిగుతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. కింద గదిలో పెచ్చులు రాలుతాయి. పిట్టగోడ మూల రావి మొక్క, వాన గొట్టం మూతిలో ఆకులూ పాలిథిన్ కవర్లూ మామూలే. ఆ చువ్వలకు సిమెంటు పాలు పూసి, తక్కువ రకం కాంక్రీటుతో దిమ్మె కట్టించడం మేస్త్రికి ఒక్కపూట పని. అయినా చాలామంది చేయించరు, పై అంతస్తు వచ్చే ఏడే వేస్తామన్న ఆశతో.

గాలివాన తర్వాత వచ్చే బీమా సర్వేయరు మొదట చూసేది సీలింగే. గోధుమరంగు మరకలు వలయాలు వలయాలుగా ఉంటే, తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటే అది నిన్నటి వాన పని కాదని ఆయనకు ఇట్టే తెలుస్తుంది. మేలో డాబా శుభ్రం చేయించి, తేదీ కనబడేలా నాలుగు ఫొటోలు తీసుకుని, వాటర్ ప్రూఫింగ్ బిల్లు దాచుకున్నవాళ్ల చేతిలో మాత్రం చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

బీమా మొత్తం లెక్కలోనూ తికమక ఉంది. ఘట్‌కేసర్‌లో ఇల్లంటే ధరలో పెద్ద వాటా జాగాదే. జాగా వరదకు కొట్టుకుపోదు కాబట్టి పాలసీ చూసేది తిరిగి కట్టడానికయ్యే ఖర్చునే. మార్కెట్ ధర చూసి జడిసి బీమా మానుకోనక్కర్లేదు. డాబా మీద తర్వాత వేసిన రేకుల గది సంగతి మాత్రం ముందే చెప్పి రాయించుకోవాలి.

ఫ్లాట్లది ఇంకో పేచీ. పై అంతస్తువాళ్ల సీలింగ్ కారితే ‘మీ ఇల్లు, మీ ఖర్చు’ అంటుంది అసోసియేషన్. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం డాబా ఉమ్మడి ఆస్తి. నిర్మాణ లోపం అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడి, బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలని సెక్షన్ 14 చెబుతోంది. ఆ ఐదేళ్లు దాటాకే చాలామందికి ఆ సెక్షన్ గుర్తొస్తుంది.

రేకుల ఇళ్ల సంగతి చూద్దాం. చార్మినార్ బ్రాండు సిమెంటు రేకులు పుట్టిన నగరమిది. వాటిని తయారుచేసిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ 1946 నాటిది. పాలసీలో కచ్చా కట్టడమంటే గడ్డి, వెదురు, చెక్క, టార్పాలిన్ వంటివే, ఆ జాబితాలో సిమెంటు రేకుల పేరు లేదు. కాబట్టి ఇటుక గోడల మీద రేకులు వేసుకున్నవారు తమది కచ్చా ఇల్లని, తమకు బీమా దొరకదని ముందే అనుకోనవసరం లేదు. భారత ప్రమాణాల ప్రకారం హైదరాబాద్‌లో కట్టడాలకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. అంత గాలికి, హుక్కులు సడలిన రేకు మీద రాళ్లు పెడితే ఏం ఆగుతుంది? రేకు లేస్తే ఆ రాళ్లే పక్కింటి మీద పడతాయి.

నాచారం పారిశ్రామికవాడ షెడ్లకు వేరే పాలసీలున్నాయి. రూ.5 కోట్ల లోపు ఆస్తికి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’, ఆపై 50 కోట్ల దాకా ‘లఘు ఉద్యమ్ సురక్ష’. షెడ్డు యజమాని పాలసీ కట్టడానికే. లోపల తడిసిన సరుకు అద్దెదారుడిది, దానికి అతనే వేరే తీసుకోవాలి.

క్లెయిమ్ పెట్టాక 24 గంటల్లో సర్వేయరును నియమించాలని ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. కంపెనీకి రాసిచ్చిన ఫిర్యాదును అది తిరస్కరిస్తే, లేదా నెల దాటినా బదులివ్వకపోతే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రూ.50 లక్షల దాకా ఉన్న వివాదాలపై ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. లాయరు అక్కర్లేదు.

ప్రీమియం మాటే ఎత్తలేని ఇళ్లకు ఇవేవీ వర్తించవు. ఇందిరమ్మ పథకంలో కట్టే ఇంటికి రూ.5 లక్షలు ఇస్తున్న రాష్ట్ర ప్రభుత్వం, ఆ ఇంటికి మొదటి పదేళ్ల బీమా కూడా తానే కట్టొచ్చు. గృహ రక్ష పాలసీ ఒకేసారి పదేళ్లకు తీసుకునే వీలుంది.