వేరు పెట్టిన పళ్లెం



ఇంతకాలం ఈ శీర్షికలో పిల్లల పెంపకం గురించి, అత్తాకోడళ్ల సామరస్యం గురించి, పెళ్లి ఖర్చుల దుబారా గురించి రాస్తూ వచ్చాను. ఈ నెల నా పుట్టింటి విషయం రాస్తున్నాను. ఇందులో తప్పు చేసినవారిలో నేనూ ఉన్నాను. నా తమ్ముడు, మరదలు దీనిని చదివి, సమ్మతించిన తరువాతనే పత్రికకు పంపాను. వారి పేర్లు మాత్రం రాయడం లేదు.

మాది బద్వేలు. వాన నమ్మకం లేని ఈ సీమలో ఎన్నో కుటుంబాలకు కువైట్ ఒక ఆశ. నా తమ్ముడు కూడా 2007లో డ్రైవరు వీసా కోసం చెన్నై వెళ్లి వైద్యపరీక్ష చేయించుకున్నాడు. గల్ఫ్‌కు పనికి వెళ్లేవారికి చేసే రక్తపరీక్షల్లో హెపటైటిస్-బి పరీక్ష ఒకటి. అది ఉన్నట్లు తేలితే వీసా రాదు. తమ్ముడి కాగితం మీద 'అన్‌ఫిట్' అని ముద్ర పడింది. ఆ కాగితం ఇచ్చినవారు అదేమి రోగమో, తరువాత ఏ వైద్యుణ్ణి కలవాలో చెప్పలేదు. తమ్ముడు ఇంటికి వచ్చి వీసా కుదరలేదని మాత్రం అన్నాడు. కాగితాన్ని ఇనుప పెట్టె అడుగున దాచాడు. మూడేళ్ల తరువాత అతనికి నికాహ్ అయింది. అప్పుడూ నోరు విప్పలేదు. అది తన పెద్ద తప్పని ఇప్పుడు తానే ఒప్పుకుంటాడు.

2011లో మరదలు గర్భవతి అయింది. అయిదో నెలలో చేసిన రక్తపరీక్షలో ఆమెకు హెపటైటిస్-బి ఉన్నట్లు తేలింది. ఆ రోజు మా ఇంట్లో జరిగింది తలచుకుంటే నేటికీ నాకు సిగ్గు వేస్తుంది. "పుట్టింటి నుండి తెచ్చుకున్న రోగం" అని అమ్మీ అన్నది. నేను కాదనలేదు. పైగా ఆమెకు ఒక స్టీలు పళ్లెం, ఒక గ్లాసు వేరు చేసి పెరటి గట్టు మీద పెట్టింది నేనే. రొట్టెల పిండి ముట్టుకోవద్దని చెప్పింది నేనే. ఇరుగుపొరుగు అడిగితే కాదనకుండా తల ఊపిందీ నేనే. ఆమె శీలం గురించి వాడకట్టులో గుసగుసలు మొదలైనాయి. పదో రోజున ఆమె తల్లి వచ్చి బిడ్డను తీసుకుపోతానని కూర్చున్నది.

ఆ రాత్రి తమ్ముడు ఇనుప పెట్టె తెరిచి, నాలుగేళ్లనాటి కాగితం తెచ్చి అందరి ముందూ పెట్టాడు.

"ఆమెను ఏమీ అనకండి ఆపా. ఈ రోగం నాకు ముందే ఉంది. చెబితే మీరు నన్ను ఎట్లా చూస్తారోనని భయపడి దాచాను. ఇప్పుడు ఆమెను చూస్తున్నట్లే నన్నూ చూసేవారు కదా!"

ఆ మాటకు మా వద్ద జవాబు లేదు.

మరునాడు దంపతులిద్దరితో కలిసి నేనూ కడపకు వెళ్లాను. అక్కడి వైద్యుడు ఓపికగా వివరించిన సంగతులు ప్రతి ఇంటికీ తెలియవలసినవి. హెపటైటిస్-బి అనేది కాలేయానికి సోకే వైరస్. ఇది రక్తం ద్వారా, దాంపత్య సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు వ్యాపిస్తుంది. ఒకే పళ్లెంలో తినడం వల్ల, ఒకే గ్లాసుతో తాగడం వల్ల, కౌగిలించుకోవడం వల్ల, దగ్గు తుమ్ముల వల్ల అంటుకోదు. ఆమె చేసిన రొట్టె తింటే రాదు. టీకా వేయించిన బిడ్డకు తల్లి పాలివ్వడంలోనూ అభ్యంతరం లేదు.

"ఇంతకీ ఎవరి నుండి ఎవరికి వచ్చినట్లు?" అని నేను అడిగాను. ఈ కాగితాలను బట్టి ఎవరూ చెప్పలేరని వైద్యుడు బదులిచ్చాడు. పుట్టినప్పుడో, పసితనంలోనో సోకిన వైరస్ ఏ లక్షణమూ చూపకుండా దశాబ్దాలపాటు ఒంట్లో ఉండిపోవచ్చు. పసికందుకు సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం నిలిచిపోతుంది. పెద్దయిన తరువాత సోకితే నూటికి తొంభై అయిదు మందిలో దానంతట అదే పోతుంది. కాబట్టి దీర్ఘకాలంగా వైరస్ ఉన్న చాలామంది చిన్నతనంలోనే, తమ ప్రమేయం లేకుండానే దానిని పొందినవారు. సరిగా శుద్ధి చేయని సూది, మంగలి కత్తి, చెవులు కుట్టిన సూది, సున్తీ చేసిన కత్తి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. శరీరం వెలుపల కూడా ఈ వైరస్ ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. ఆ రక్తపరీక్ష వైరస్ ఉన్నదో లేదో చెబుతుంది. మనిషి నడవడిక గురించి అది ఏమీ చెప్పదు. ఆ కాగితంలో లేని మాటను పది రోజులపాటు చదివింది మేమే.

వైద్యుడు చెప్పిన మరో సంగతి మమ్మల్ని నిలువునా కదిలించింది. బిడ్డ పుట్టిన వెంటనే టీకా, దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షను వేయించాలి. ఆలస్యమైతే బిడ్డకు జీవితాంతపు రోగం కావచ్చు. ఆ ఇంజెక్షను ఖరీదు మాకు మించినది. నా గొలుసు కుదువపెట్టాము. తమ్ముడు కడప నుండి ఐసు పెట్టెలో తెచ్చి సిద్ధంగా ఉంచాడు. పాప పుట్టిన కొద్ది గంటల్లోనే రెండూ వేయించాము. తరువాతి మోతాదులు కూడా తప్పలేదు. ఏడాది దాటాక పరీక్ష చేయిస్తే పాపకు వైరస్ లేదు. అల్‌హమ్దులిల్లాహ్. ఆ గర్భిణి పుట్టింటికి వెళ్లిపోయి, అవమానంతో ఆసుపత్రి గడప తొక్కకుండా ఉంటే ఆ పాప గతి ఏమయ్యేది? నేను వేరు పెట్టిన పళ్లెం ఎవరినీ రోగం నుండి కాపాడలేదు. ఒక పసిప్రాణాన్ని ప్రమాదానికి దగ్గర చేసింది.

తమ్ముడు నోరు విప్పడానికి నాలుగేళ్లు పట్టింది. హిందీ నటుడు అమితాబ్ బచ్చన్‌కు 1982లో 'కూలీ' చిత్రీకరణలో తీవ్రంగా గాయమైనప్పుడు ఎక్కించిన రక్తం ద్వారా ఈ వైరస్ సోకింది. అది ఉన్నట్లు తెలిసేసరికి దాదాపు ఇరవై ఏళ్లు గడిచి, కాలేయంలో ముప్పాతిక భాగం చెడిపోయింది. ఆయన ఆ సంగతిని బహిరంగంగా చెప్పుకొని, 2017లో హెపటైటిస్‌పై ప్రపంచ ఆరోగ్య సంస్థ సౌహార్ద రాయబారి అయ్యారు. ఆ సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉన్నవారు దాదాపు మూడు కోట్లు. ఇంతమంది ఉన్నప్పటికీ ఒక్కొక్కరూ తాము ఒంటరివారమనే అనుకుంటున్నారు. ఒకరు నోరు విప్పితే మరొకరికి దారి దొరుకుతుంది.

ఈ రోగానికి టీకా ఉన్నది. మన బద్వేలుకు పొరుగునే ఉన్న నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో 1993లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించి, 1997లో దేశీయ హెపటైటిస్-బి టీకాను విడుదల చేశారు. అంతవరకు దిగుమతి టీకా సామాన్యుడికి అందేది కాదు. పెట్టుబడి దొరకక ఆయన ఇబ్బంది పడుతున్నప్పుడు సొమ్ము పెట్టి అండగా నిలిచినవారు ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవి. నేడు పుట్టిన 24 గంటలలోపు ఒక మోతాదు, తరువాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలో భాగంగా మిగతా మోతాదులు ప్రభుత్వమే ఉచితంగా వేస్తున్నది. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు కూడా ఉచితం. వైరస్‌ను పూర్తిగా తొలగించలేకపోయినా, అవసరమైనవారికి దానిని అణచి ఉంచి కాలేయాన్ని కాపాడే మాత్రలు ఉన్నాయి.

సోదరీమణులారా! దైవప్రవక్త అయ్యూబ్ (అలైహిస్సలాం) దీర్ఘవ్యాధిని అనుభవించారు. అది ఆయన సహనానికి పరీక్ష అయిందే తప్ప శీలానికి మచ్చ కాలేదు. రోగాన్ని ఇచ్చిన ప్రభువు మందును కూడా సృష్టించాడని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. రోగిని పరామర్శించడాన్ని ఒక ముస్లింపై మరొక ముస్లింకు గల హక్కుగా చెప్పారు. దురనుమానం, పరోక్షనింద ఎంత పెద్ద పాపాలో మనకు తెలియనివి కావు. అయినా ఒక రక్తపరీక్ష కాగితం చూడగానే వాటన్నింటినీ మరచిపోతున్నాము.

అయితే దాపరికాన్ని నేను సమర్థించడం లేదు. వీధికి చెప్పనక్కరలేదు. కానీ జీవిత భాగస్వామి కాబోయేవారికి, వైద్యునికి చెప్పి తీరాలి. నికాహ్‌కు ముందే చెబితే ఎదుటివారు పరీక్ష చేయించుకొని, మూడు మోతాదుల టీకా పూర్తి చేసుకోవచ్చు. ఆ తరువాత సంసారానికి అడ్డేమీ లేదు. చెప్పినవారి రహస్యం విన్నవారి వద్ద అమానత్. దానిని బజారులో పెట్టడం నమ్మకద్రోహం. నిజం చెప్పడం రోగి బాధ్యత. చెప్పగలిగే ధైర్యం ఇవ్వడం మన బాధ్యత.

ఇప్పుడు తమ్ముడు, మరదలు ఇద్దరూ ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకుంటున్నారు. తమ్ముడు రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు. సొంత ఆటో నడుపుకుంటున్నాడు. గల్ఫ్ మెడికల్‌లో తప్పి తలదించుకొని వచ్చిన కుర్రవాళ్లు ఉన్నారని తెలిస్తే తానే వెతుక్కుంటూ వెళతాడు. ముందు తన కాగితం చూపిస్తాడు. తరువాత వాళ్లను ఆసుపత్రికి తీసుకువెళతాడు.

పోయిన రంజాన్‌లో మరదలు పంపిన ఇఫ్తార్ పళ్లెం చుట్టూ మేమంతా కూర్చున్నాము. నేను ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, ఇన్నేళ్లకు నోరు తెరిచి క్షమాపణ కోరాను. ఆమె ఏమీ అనలేదు. ఒక ఖర్జూరం తీసి నా చేతిలో పెట్టింది.

మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఏదైనా పెట్టె అడుగున ఉంటే ఈ రోజే పైకి తీయండి. అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మన నాలుకలకు నిగ్రహాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.