చిట్టి ముక్కుకు ఉప్పునీటి చుక్క

రాత్రి రెండు దాటింది. పురిటికి పుట్టింటికొచ్చిన అమ్మాయి ఇంకా మంచం మీద కూర్చునే ఉంది. ఒళ్లో రెండు నెలల పాప. రొమ్ము అందుకుంటుంది, రెండు గుక్కలు తాగుతుంది, వదిలేసి ఏడుస్తుంది. మళ్లీ అందుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది.

''అమ్మా, నా పాలు చాలడం లేదేమో. డబ్బా పాలు కలుపుదామా?''

''పాలు చాలక కాదే పిచ్చిదానా. ముక్కు చూడు, ఎలా గురగురమంటోందో. ఉండు, రెండు చుక్కలు ఆముదం వేస్తే అదే సర్దుకుంటుంది'' అంటూ అమ్మమ్మ వంటింట్లోకి నడిచింది.

చంటిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగే ముచ్చటే ఇది. అమ్మమ్మ మాటలో సగం నిజం. పాప ఏడుపుకి కారణం ముక్కే. మిగతా సగమే ప్రమాదం. ఆ ముక్కుకు కావాల్సింది ఆముదం కాదు, ఒక్క ఉప్పునీటి చుక్క. డాక్టర్లు సెలైన్ అనేది దీన్నే.

ముక్కు మూసుకుంటే కడుపు నిండదు

పెద్దవాళ్లకు ముక్కు దిబ్బడేస్తే నోరు తెరిచి గాలి పీల్చుకుంటారు. తొలి కొన్ని నెలల్లో పసివాళ్లకు అది అంత తేలిగ్గా చేతకాదు. వాళ్లు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. పాలు తాగేటప్పుడు నోటికి వేరే పని ఉంటుంది కాబట్టి ముక్కు తప్ప మరో దారి ఉండదు. ఆ దారి మూసుకుందంటే ఊపిరి కోసం రొమ్ము వదిలేయాల్సిందే. ఆకలితో ఏడవాల్సిందే. అది చూసి తల్లి తన పాలే చాలడం లేదనుకుంటుంది. అవసరం లేని పాలడబ్బా ఇంట్లోకి రావడానికి ఒక్కోసారి ఇదే కారణం.

పైగా ఆ దారి చాలా సన్నం. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే లోపల గాలికి ఎదురయ్యే అడ్డు 16 రెట్లు పెరుగుతుందనేది భౌతికశాస్త్రం లెక్క. పెద్దవాళ్లకు తెలియనైనా తెలియని చిన్న పక్కు పాపాయికి పెద్ద బండరాయి అవుతుందన్నమాట.

అలాగని గురగురమన్న ప్రతిసారీ జలుబు చేసిందని కాదు. తొలి వారాల్లో చాలామంది పిల్లల ముక్కు ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటుంది. తుమ్ములు కూడా ముక్కు తనను తాను శుభ్రం చేసుకునే పద్ధతే. ఏసీ గదిలోనో, చలికాలపు పొడిగాలికో లోపలి తడి ఆరిపోయి పక్కులు కడతాయి. స్నానం తరవాత పట్టే సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, అగరొత్తులు, సిగరెట్టు, మొహానికి అద్దే పౌడరు కూడా ఆ సున్నితమైన ముక్కును ఇబ్బంది పెట్టేవే. పాప హాయిగా పాలు తాగి నిద్రపోతూ ఉంటే చప్పుడు వినిపించినా ఏమీ చేయనక్కర్లేదు. పాలకో, నిద్రకో అడ్డమైనప్పుడే చుక్కల పని.

కన్నీరు మండదు, నీళ్లు మండుతాయి

ఏడ్చినప్పుడు కన్నీళ్లు ముక్కులోకి దిగుతాయి. మంట పుట్టదు. స్నానం చేసేటప్పుడు నాలుగు చుక్కల నీళ్లు ముక్కులోకి పోతే మాత్రం చుర్రుమంటుంది. తేడా ఉప్పులో ఉంది. కన్నీటిలో మన ఒంటికి సరిపడా ఉప్పు ఉంటుంది, మామూలు నీటిలో ఉండదు. సెలైన్ కూడా కన్నీటి లాంటిదే. 100 మిల్లీలీటర్ల నీటికి 0.9 గ్రాముల ఉప్పు, అంతే. ముక్కు చుక్కల్లో కొన్నిటిలో ఇంకాస్త తక్కువగా, 0.65 గ్రాములే ఉంటుంది.

ఇది జలుబును తగ్గించే మందు కాదు, వైరస్‌ను చంపదు. గట్టిపడిన చీమిడిని నానబెట్టి జారేలా చేస్తుంది. అది తుమ్ముతో బయటికైనా వస్తుంది, గొంతులోకి జారి కడుపులోకైనా పోతుంది. కడుపులోకి పోయినా నష్టమేమీ లేదు. ముక్కు తెరుచుకుంటుంది, పాప ఒక పూట కడుపునిండా తాగుతుంది. మళ్లీ మూసుకుంటే మళ్లీ వేసుకోవచ్చు, అలవాటు పడిపోయే భయం లేదు.

వేసే పద్ధతి

చుక్కలు పాలకు ముందు వేయాలి. తాగిన వెంటనే వేస్తే కక్కుకునే ప్రమాదం ఉంది. పది, పదిహేను నిమిషాల ముందైతే మంచిది.

ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసాను రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే చల్లదనం పోతుంది, పాప ఉలిక్కిపడదు. పాపను వెల్లకిలా పడుకోబెట్టి భుజాల కింద పల్చగా మడిచిన తువ్వాలు పెడితే తల కాస్త వెనక్కి వాలుతుంది. ఒక్కో ముక్కురంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేయాలి. సీసా మూతి ముక్కుకు తగలకూడదు. ఒక్క నిమిషం అలాగే ఉంచి, తరవాత భుజాన వేసుకోవాలి. బయటికొచ్చిన చీమిడిని మెత్తటి నూలుగుడ్డను వత్తిలా చుట్టి తుడిచేయాలి. చెవులు శుభ్రం చేసుకునే పుల్లలు ముక్కులో పెట్టకూడదు.

అప్పటికీ తెరుచుకోకపోతే మందుల షాపుల్లో దొరికే రబ్బరు బుడ్డీ వాడొచ్చు. బుడ్డీని బయటే నొక్కి పట్టుకుని, కొసను ముక్కు అంచున మాత్రమే ఆనించి, మెల్లగా వదలాలి. ముందు ముక్కులో పెట్టి తరవాత నొక్కితే గాలి లోపలికే పోతుంది. రోజుకు మూడు నాలుగుసార్లకు మించితే లోపల వాచి అసలుకే మోసం వస్తుంది. వాడిన ప్రతిసారీ బుడ్డీని సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి.

ఒక సీసా ఒక బిడ్డకే. మూత తీశాక ఎన్ని రోజులు వాడొచ్చో దానిమీదే రాసి ఉంటుంది. ఇంట్లో చిటికెడు ఉప్పు కలిపి తయారుచేస్తే కొలత తప్పుతుంది, నీళ్లు శుభ్రంగా ఉన్నాయన్న నమ్మకం ఉండదు. పసిపిల్లల విషయంలో కొన్న సీసాయే మేలు.

సీసా తిప్పి చదవాలి

ఇక్కడే చాలామంది పొరబడతారు. ముక్కు చుక్కలన్నీ ఒకటి కాదు. ఒకే బ్రాండు పేరుతో ఉప్పునీటి చుక్కలూ ఉంటాయి, మందు చుక్కలూ ఉంటాయి. 'చంటిపాపకు ముక్కు చుక్కలివ్వండి' అని అడిగి చేతికొచ్చింది తెచ్చుకుంటే ఏది వచ్చిందో తెలియదు. సీసా మీద 'సోడియం క్లోరైడ్' అని మాత్రమే ఉంటే అది సెలైన్. 'జైలోమెటజోలిన్' అనో, 'ఆక్సీమెటజోలిన్' అనో ఉంటే అది రక్తనాళాలను కుదించే మందు. డాక్టర్ రాయకుండా పసివాళ్లకు అది వేయకూడదు. మోతాదు మించితే మగత కమ్మడం, గుండె వేగం పడిపోవడం, ఊపిరి మందగించడం వరకూ పోవచ్చు. రోజుల తరబడి వాడితే ముక్కు మరింతగా దిబ్బడేస్తుంది.

జలుబు సిరప్‌ల సంగతీ అంతే. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని మందు మీద ముద్రించాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గుమందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు అని అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. పసివాళ్ల జలుబుకు ఇంట్లో చేయగలిగిందల్లా ముక్కు తెరిచి ఉంచడం, పాలు పట్టడం, కనిపెట్టుకుని ఉండటం.

ఆ సాదా ఉప్పునీటికి కొత్తగా ఇంకో గౌరవం కూడా దక్కింది. ఆరేళ్ల వరకు వయసున్న పిల్లల మీద స్కాట్లాండులో చేసిన పరిశోధన ఫలితాలను 2024 సెప్టెంబరులో వియన్నాలో జరిగిన శ్వాసకోశ వైద్యుల సదస్సులో వెల్లడించారు. ఉప్పునీటి చుక్కలు వేసిన పిల్లల్లో జలుబు సగటున ఆరు రోజులుంటే, వేయనివారిలో ఎనిమిది రోజులుంది. అయితే అందులో వాడింది మామూలు సెలైన్ కన్నా ఉప్పు ఎక్కువున్న ద్రావణం. అది విని నెలల పాపకు ఉప్పు దట్టించి కలపడం తగదు.

పెద్దల మాట, పాప ఊపిరి

బామ్మలు, అమ్మమ్మలు ఎంతోమంది పిల్లల్ని పెంచినవాళ్లు. వాళ్ల చేతి స్పర్శకు సాటి లేదు. కానీ ముక్కులో నూనె విషయంలో మాత్రం వాళ్లను ఆపాలి. ఆముదమైనా, కొబ్బరినూనె అయినా ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి జారితే దగ్గుతో బయటికి రాదు. అక్కడే ఉండి న్యుమోనియాకు దారి తీస్తుంది. దక్షిణాదిలో పసిపిల్లలకు ఇలా జరిగిన కేసులను వైద్యులు దశాబ్దాల కిందటే నమోదు చేశారు.

కర్పూరం కలిపిన నూనె, ఘాటైన బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు ఛాతీకి కూడా రాయకూడదు. కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. ఎక్కువైతే ఫిట్స్ తెప్పిస్తుంది. నీళ్లు పోసేటప్పుడు ముక్కులోకి ఊదడం, నోటితో పీల్చడం వల్ల పెద్దవాళ్ల జలుబు పాపకు అంటుకుంటుంది. చనుబాలు ముక్కులో వేయడం కన్నా కడుపులోకి పట్టడమే సరైన వాడకం. ఆవిరి పట్టబోయి ఒళ్లు కాల్చిన సందర్భాలూ ఉన్నాయి. వేడి నీళ్ల గిన్నె దగ్గరికి పాపను తీసుకెళ్లనే కూడదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

అన్నిసార్లూ చుక్కలతో సరిపోదు. పాప నిదానంగా ఉన్నప్పుడు బట్ట తీసి, పొట్ట, ఛాతీ కదలికలు చూస్తూ నిండా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు పిల్లల్లో నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది దాటిన వారిలో 40, లేదా అంతకు మించి ఉంటే అది ఒట్టి ముక్కు దిబ్బడ కాదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు అడిగితే ఈ లెక్క ఎలా పెట్టాలో చూపిస్తారు.

ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు లోపలికి లాక్కుపోవడం, ముక్కుపుటాలు ఎగరేయడం, మూలగడం, పెదాలు నీలమవడం, మధ్యమధ్య ఊపిరి ఆగడం, తాగే పాలు సగానికి తగ్గడం, మూత్రం బాగా తగ్గడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. మూడు నెలల్లోపు పాపకు 100.4 డిగ్రీలు, అంతకు మించి జ్వరముంటే తెల్లారేదాకా ఆగకూడదు. పుట్టినప్పటి నుంచీ ముక్కు మూసుకునే ఉండి, ఊరుకున్నప్పుడు నీలంగా, ఏడిస్తే ఎర్రగా మారే బిడ్డకు ముక్కు వెనక దారే తెరుచుకోలేదేమో చూడాలి. కాస్త పెద్ద పిల్లల్లో ఒకే రంధ్రంలోంచి కంపు కొట్టే చీమిడి వస్తుంటే లోపల ఏ శనగగింజో, పూసో ఇరుక్కుని ఉండొచ్చు. దాన్ని డాక్టరే తీయాలి.

ఆ రాత్రి...

అమ్మమ్మ ఆముదం సీసాతో వచ్చేసరికి కూతురు అడ్డుపడింది. ''వద్దమ్మా. నూనె వేయొద్దని ఆసుపత్రిలో మరీమరీ చెప్పారు.''

అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. ''మిమ్మల్నందరినీ అలాగే పెంచాను కదే'' అంది. అన్నదే గానీ సీసా మూత తీయలేదు. పాపను తీసుకుని భుజాన నిలువుగా వేసుకుంది. కాసేపటికి గురగుర కొంచెం తగ్గింది. తల్లి పాలు పిండితే ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా, ఆగి ఆగి పట్టింది. ఊపిరి లెక్కపెడితే 44. ఒళ్లు వెచ్చగా లేదు. తెల్లవారేదాకా ఇద్దరూ వంతులేసుకుని మెలకువగా ఉన్నారు.

పొద్దున్నే మందుల షాపు తెరవగానే తాతయ్య సీసా తెచ్చాడు. దానిమీద 'సోడియం క్లోరైడ్' అని ఉందో లేదో అమ్మమ్మే కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివింది. చేతులు కడుక్కుని, చెరో రంధ్రంలో రెండేసి చుక్కలు వేసింది. పాప మొహం చిట్లించింది, రెండుసార్లు గట్టిగా తుమ్మింది. పావుగంట తరవాత రొమ్ము అందుకుని, మళ్లీ నిద్రలోకి జారేదాకా వదల్లేదు.