కన్నదెందరిని, నిలిచిందెందరు?

మా పూడిమడక వైపు ముసలమ్మల్ని పిల్లలెంతమందని అడిగితే ఒక అంకె చెప్పరు, రెండు చెబుతారు. "కన్నది ఎనమండుగురిని, నిలిచింది నలుగురు" అంటారు. గొంతు కూడా మారదు. పోయిన నలుగురికీ పేర్లుండవు, పేరు పెట్టేదాకా బతికితే కదా! ఆ తర్వాత పుట్టిన బిడ్డనయినా చావు కంట పడకుండా దాచుకోవాలని పెంట మీద పెట్టి తీసుకునేవాళ్ళు. పొరుగింటావిడ చేతికిచ్చి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కునేవాళ్ళు. పెంటయ్య, తవిటయ్య, తవిటమ్మ అలా వచ్చిన పేర్లే. ఇప్పటి కాలేజీ పిల్లలు విని నవ్వుతారు. ఆ పేరున్న మనిషి కంటే ముందు ఆ ఇంట్లో ఒకటో రెండో ఉయ్యాలలు ఖాళీ అయ్యాయని వాళ్ళకెవరు చెప్పారు గనక! ఉత్తరాంధ్రలో పాత శిశుమరణాల రిజిస్టరు ఎక్కడుందని నన్నడిగితే ఓటర్ల జాబితా చూపిస్తాను.

పసిపిల్లలు పోవడం దేవుడి రాత అనుకునేవాళ్ళు ఇంగ్లండు లెక్క ఒకటి వినాలి. వెయ్యిమంది పిల్లలు పుడితే ఏడాది నిండకుండా పోయేవాళ్ళు ఎందరన్నదే శిశుమరణాల రేటు. రెండో ప్రపంచ యుద్ధంలో, పట్నాల మీద బాంబులు పడుతున్న 1941లో, ఇంగ్లండు, వేల్సులలో అది 60కి పెరిగింది. 1944 నాటికి, ఇంకా యుద్ధం సాగుతూండగానే, 45కి దిగింది. యుద్ధానికి ముందున్న దానికంటే కూడా తక్కువ!

ఎలా దిగింది? పాలొక్కటే కారణమని నేననను. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ పనులు దొరికాయి, సల్ఫా మందులొచ్చాయి, రేషను ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకే కొలతన అందింది. కానీ ఆడవాళ్ళం మనకి నచ్చే సంగతి వేరే ఉంది. గర్భిణులకి, బాలింతలకి, అయిదేళ్ళలోపు పిల్లలకి పచ్చరంగు రేషను పుస్తకం విడిగా ఇచ్చారు. ఆ పుస్తకం ఉన్నవాళ్ళకి పండ్లు ముందు, గుడ్లు రెండింతలు. 1940 జులై నుంచి రోజుకి అరలీటరు పై చిలుకు పాలు తక్కువ ధరకి, బొత్తిగా లేనివాళ్ళకి ఊరికే ఇచ్చారు. తరవాత నారింజరసం, కాడ్‌లివర్ నూనె కూడా చేర్చారు. ఊరూరా ఉండే ఆరోగ్యాధికారి ఏటా తన ఊళ్ళో ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, అందులో పసివాళ్ళెందరు అని లెక్క రాసి ఊరి సభకి సమర్పించేవాడు. యుద్ధం వచ్చిందని ఆ లెక్క మానలేదు.

అదే దొరల పాలనలో మనమూ ఉన్నాం మరి. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళ బాంబులు విశాఖ మీదా కాకినాడ మీదా పడ్డాయి, జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. ఆ పల్లెల్లో చూలింతల కోసం పచ్చ పుస్తకం ఏదీ రాలేదు. మర్నాటి ఏడు 1943లో బెంగాల్ కరవులో 20 నుంచి 30 లక్షల మంది పోయారు. కడుపుతో ఉన్నదానికి పాలు పోస్తే బిడ్డ నిలుస్తుందని ఆ ప్రభుత్వానికి తెలియక కాదు. ఎవరి బిడ్డలు నిలవాలన్న దగ్గరే వచ్చింది తేడా.

స్వతంత్రం వచ్చాక మనమూ చాలా దూరం నడిచాం, కాదనకూడదు. 1971లో దేశం మొత్తానికి 129గా ఉన్న రేటు 2020లో 28కి వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 24. అదే ఏడు కేరళలో 6. ఇప్పుడు పోతున్న పసివాళ్ళలో ఎక్కువమంది మొదటి నెలలోనే పోతున్నారు. నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువ పుట్టడం అందుకు పెద్ద కారణాలు. బిడ్డ బరువు గురించి మాట్లాడితే తల్లి తిండి గురించి మాట్లాడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్ళే.

అంగన్‌వాడీలో పాలూ గుడ్లూ ఇస్తున్నారుగా అంటారు. ఇస్తున్నారు. ఇంటికొచ్చిన గుడ్డు పెద్దపిల్లాడికి సగం, వేటకెళ్ళే ఆయనకి సగం అయిపోతే ఆవిడకి మిగిలేది పులుసు. ఆవిడకి పెట్టండని అత్తగారే చెప్పాలి, కోడలు నోరు తెరిచి అడగదు.

మా తీరానికి ఇంకో చిక్కుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవాలని (నవ్వాలో ఏడవాలో తెలీదు) పడవలు ఒడ్డెక్కుతాయి. నిషేధ భృతి వేటకెళ్ళే మనిషి పేరున వస్తుంది. చేపలగంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే ఆడమనిషికి చేప లేకపోతే ఆ పూట రాబడి లేదు. ఆ రెండు నెలల్లో ఏడో నెలా ఎనిమిదో నెలా వచ్చినవాళ్ళ సంగతేమిటి? ఆ 61 రోజులూ మత్స్యకార గ్రామాల్లో గర్భిణులకీ బాలింతలకీ గుడ్లూ పాలూ రెండింతలు ఇవ్వాలి, కేంద్రంలోనే కూర్చోబెట్టి తినిపించాలి అని నేనంటాను. బాంబులు పడుతుంటే ఇంగ్లండు చేసిన పని, ఏటా ఫలానా తేదీన వస్తుందని ముందే తెలిసిన కష్టానికి మనం చెయ్యలేమా?

ఇక లెక్క మాట. 2025 జనవరి 8న పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన జరిగింది. 1,85,000 కోట్ల పెట్టుబడి అని పేపర్లన్నీ రాశాయి, మా ఊళ్ళో పిల్లలు కూడా ఆ అంకె అప్పజెబుతారు. నిరుడు ఈ ఊళ్ళో ఏడాది నిండకుండా పోయిన పిల్లలెందరంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటాం. ఆ అంకె నర్సమ్మ దగ్గరుండాలి, అడిగేవాళ్ళం మనం కావాలి. "పురిటిబిడ్డే కదా, రాయించడం ఎందుకు" అనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ప్రాణంతో పుట్టి గంటలో పోయిన బిడ్డకయినా పుట్టుకా రాయించాలి, చావూ రాయించాలి, 21 రోజుల్లోగా. ఆ తల్లి మళ్ళీ నెల తప్పినప్పుడు నర్సమ్మ ముందుగా తలుపు తట్టేది ఆ కాగితం ఉంటేనే.

గ్రామసభలో రోడ్డూ దీపమూ అడుగుతాం కదా, పుట్టినవాళ్ళెందరు, నిలిచినవాళ్ళెందరు అన్న కాగితం కూడా చదవమని అడుగుదాం. పడవలు ఒడ్డెక్కాక కాదు, ఏప్రిల్ 15కి ముందే.