అర్జీలు రాసే కౌన్సిలా, పని చేసే కౌన్సిలా?



వచ్చే నెల హైదరాబాదు వెళుతున్న మన బృందం చేతికిచ్చి పంపడానికి తయారైన వినతిపత్రం ముసాయిదా మీలో చాలామందికి ఈమెయిల్లో వచ్చే ఉంటుంది. అందులో పదకొండు కోరికలున్నాయి. నాలాల్లో పూడిక తీయాలి, చెరువుల చుట్టూ కంచె వేయాలి, కాలనీల్లో వీధి దీపాలు వెలగాలి, కుక్కల బెడద తగ్గించాలి... అన్నీ న్యాయమైనవే. అన్నీ ముఖ్యమంత్రి గారికి, మునిసిపల్ శాఖ ముఖ్య కార్యదర్శి గారికి రాసినవే. నేను దాని మీద సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ముగ్గురు మిత్రులు ఫోన్ చేసి అడిగారు. ఫోన్లో చెబితే పోట్లాటలా వినిపించింది. అందుకే రాస్తున్నాను.

వీధి దీపం కోసం ముఖ్యమంత్రికి అర్జీ పెట్టుకోవలసి వస్తోందంటే, తప్పు ఆ దీపంలో లేదు.

మా మేనమామ ఒకప్పుడు మా ఊళ్ళో మునిసిపల్ కౌన్సిలర్‌గా ఒక దఫా పనిచేశారు. చిన్న పట్టణం. పేరు ఎందుకులెండి, ఆంధ్రాలోనూ తెలంగాణాలోనూ అలాంటివి వంద ఉంటాయి. వేసవిలో నాలుగు రోజులకొకసారి నీళ్ళు వచ్చేవి. మామయ్య ఇంట్లో తీర్మానాల కాపీలు ఒక రెక్సిన్ సంచీలో ఉండేవి. నేను హైస్కూల్లో ఉండగా ఒకసారి చదివాను. ప్రతి దాని చివరా ఒకటే వాక్యం: ప్రభుత్వం వారిని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. మంచినీళ్ళ చెరువు కోసం అదే, పైపుల కోసం అదే, ఖాళీగా ఉన్న ఇంజనీరు పోస్టు కోసం అదే. ఐదేళ్ళు కోరారు. పదవి అయిపోయాక మామయ్య నవ్వుతూ అనేవారు, "నేను కౌన్సిలర్ని కాదురా, ఫ్రీగా పనిచేసిన దస్తావేజు లేఖరిని" అని.

ఆ మాట నాకు మళ్ళీ ఇక్కడ గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు మాది. మా పాప బడికి వెళ్ళే దారిలో ఒక పెద్ద రోడ్డు దాటాలి. దాని మీద సిగ్నల్ లేదు. నలుగురు తల్లిదండ్రులం కలిసి ఒక మంగళవారం రాత్రి సిటీ కౌన్సిల్ మీటింగుకి వెళ్ళాం. నేనప్పటికి హెచ్1బీ మీద ఉన్నాను, ఓటు లేదు, గ్రీన్ కార్డు లైన్లో ఎక్కడో ఉన్నాను. మాట్లాడనిస్తారా అని అనుమానం. ఎవరూ వీసా అడగలేదు. ఈ రాష్ట్రంలో 1953 నుంచి బ్రౌన్ చట్టం అని ఒకటుంది. మామూలు సమావేశానికి 72 గంటల ముందే అజెండా బయట పెట్టాలి, వచ్చినవాళ్ళని మాట్లాడనివ్వాలి, హాజరవడానికి పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. నాకు మూడు నిమిషాలిచ్చారు. ఆఫీసులో డైరెక్టర్ల ముందు ప్రెజెంటేషన్ ఇచ్చేటప్పుడు కూడా అంత చెమట పట్టలేదు.

తీరా చూస్తే ఆ రోడ్డు సిటీది కాదు, రాష్ట్ర రహదారి. సిగ్నల్ పెట్టే అధికారం కౌన్సిల్‌కి లేదు. రాష్ట్రానికి ఉత్తరం రాస్తామన్నారు. మనసులో అనుకున్నాను, ఇంకేముంది, మామయ్య రెక్సిన్ సంచీ ఇక్కడా ఉందన్నమాట!

కానీ ఆ ఉత్తరం నెల తరువాత అజెండాలో చూశాను. సిటీ ఇంజనీరు ఆ కూడలిలో పొద్దునా సాయంత్రం ఎన్ని కార్లు పోతున్నాయో, ఎంతమంది పిల్లలు దాటుతున్నారో లెక్క తీసి జతచేశాడు. సిగ్నల్ ఖర్చులో కొంత భాగం సిటీ భరిస్తుందని కౌన్సిల్ ఓటు వేసి రాసింది. ఈలోపు తన అధికారంలో ఉన్న పక్క వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు వేసి, బడి వేళల్లో పిల్లల్ని దాటించడానికి ఒక మనిషిని పెట్టింది. సిగ్నల్ రావడానికి చాలా కాలం పట్టింది, అది వేరే కథ. పైవాళ్ళని అడగడం మాత్రం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తేడా అల్లా ఏమిటంటే, ఇక్కడ అడిగినవాడి చేతిలో కొంచెం డబ్బు, ఒక ఇంజనీరు, నాలుగు వీధులు ఉన్నాయి. మా మామయ్య చేతిలో సంచీ ఉంది.

అమెరికా స్వర్గమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇక్కడి సిటీలకి కూడా పైవాడి దెబ్బలు బాగానే తగులుతాయి. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రతిపాదన 13 వల్ల ఇంటి మూల పన్ను ఒక శాతం దాటకూడదు, ఏ కౌన్సిలూ దాన్ని పెంచలేదు (ఇల్లు కొన్న మిత్రులకి ఇది నేను చెప్పక్కర్లేదు). 2021లో రాష్ట్రం ఎస్బీ 9 అనే చట్టం తెచ్చి, ఒకే ఇల్లు ఉండాల్సిన స్థలంలో రెండు ఇళ్ళు కట్టుకోవచ్చంది. ఎన్నో సిటీలు వద్దని ఉత్తరాలు రాశాయి. రాష్ట్రం వినలేదు. ఫ్రీమాంట్‌కైతే 2031 లోపు దాదాపు 12,900 ఇళ్ళకి చోటు చూపించమని లెక్క వచ్చింది. టెక్సస్‌లో ఉన్న మన మిత్రులకి 2023 నాటి హౌస్ బిల్ 2127 తెలుసు. సిటీలు చేసుకున్న స్థానిక చట్టాలని రాష్ట్రం ఒక్క దెబ్బతో కొట్టేయడానికి తెచ్చినది.

అయినా ఫ్రీమాంట్ సంగతి ఒకటి చూడండి. ఇల్లు లేనివాళ్ళు ప్రభుత్వ స్థలాల్లో గుడారాలు వేసుకోవడాన్ని నిషేధిస్తూ 2025 ఫిబ్రవరిలో అక్కడి కౌన్సిల్ ఒక ఆర్డినెన్స్ చేసింది. అంతకు ముందు ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దానికి దారి తీసింది. అందులో గుడారం వేసుకోవడానికి సాయం చేసినవాళ్ళు కూడా నేరస్థులే అనే వాక్యం ఒకటుంది. అన్నం పెట్టే చర్చిల వాళ్ళు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు గగ్గోలు పెట్టారు. మార్చిలో అదే కౌన్సిల్ మళ్ళీ కూర్చుని ఆ వాక్యం తీసేసింది. ఆ ఆర్డినెన్స్ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, నాకైతే మిగిలిన భాగం కూడా నచ్చలేదు. కానీ తప్పు చేసినవాళ్ళెవరో ఊరందరికీ తెలుసు, వాళ్ళు వచ్చే మంగళవారం ఎక్కడ కూర్చుంటారో కూడా తెలుసు. అడిగారు, దిద్దించుకున్నారు. ఇందులో రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకి వెళ్ళే పనే పడలేదు.

ఇప్పుడు హైదరాబాదు. ఫ్రీమాంట్ జనాభా సుమారు 2 లక్షల 30 వేలు, ఆరు డిస్ట్రిక్టులు. అంటే ఒక్కో కౌన్సిల్ సభ్యుడికి 38 వేల మంది. 2011 జనాభా లెక్కల్లో జీహెచ్ఎంసీ పరిధిలో 67 లక్షలు, అప్పట్లో 150 వార్డులు. ఒక్కో కార్పొరేటర్‌కి 45 వేల మంది. లెక్క వేసి చూసి నేనే ఆశ్చర్యపోయాను. మన కార్పొరేటర్ జనానికి అంత దూరంగా ఏమీ లేడు. దూరంగా ఉన్నది అధికారం.

మంచినీళ్ళూ మురుగూ 1989లో పెట్టిన వాటర్ బోర్డువి. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. నగరం ఎటు పెరగాలో నిర్ణయించేది 2008లో వచ్చిన హెచ్ఎండీఏ. దానికీ అధ్యక్షుడు ముఖ్యమంత్రే. ట్రాఫిక్ రాష్ట్ర పోలీసులది. చెరువుల ఆక్రమణల మీదికి వెళ్ళే హైడ్రాని 2024 జులైలో పెట్టింది రాష్ట్ర ప్రభుత్వం. కమిషనర్‌ని వేసేదీ బదిలీ చేసేదీ సెక్రటేరియట్. మా దగ్గర సిటీ మేనేజర్‌ని ఉద్యోగంలో పెట్టుకునేదీ, నచ్చకపోతే పంపేసేదీ కౌన్సిల్. ఫ్రీమాంట్‌లో కూడా నీళ్ళు సిటీ ఇవ్వదు, వేరే వాటర్ డిస్ట్రిక్ట్ ఇస్తుంది. కానీ దాని డైరెక్టర్లని జనం ఓటేసి ఎన్నుకుంటారు. బార్ట్ రైలు డైరెక్టర్లని కూడా అంతే. సంస్థలు పది ఉంటే తప్పులేదు. పదింటికీ తాళం చెవి ఒక్క జేబులోనే ఉండటం తప్పు.

పన్ను సంగతి ఇంకా విచిత్రం. 2020 నవంబరులో దీపావళి నాడు రాష్ట్ర ప్రభుత్వం గ్రేటర్ హైదరాబాదులో 15 వేల వరకూ ఇంటి పన్ను కట్టేవాళ్ళకి సగం తగ్గిస్తున్నామని ప్రకటించింది. డిసెంబరు 1న కార్పొరేషన్ ఎన్నికలు! నగరం పన్ను అది. ఆ డబ్బుతోనే మోరీలు బాగుచేయాలి. అక్టోబరు వరదల్లో మునిగిన కాలనీల్లో బురద ఇంకా ఆరలేదు. ఆ తగ్గింపు కౌన్సిల్ కూర్చుని లెక్కలు చూసి చేసింది కాదు, పైనుంచి వచ్చిన వరం. అలా వరాలిచ్చేవాళ్ళు పార్టీ మారినా మారరు, అందుకే పార్టీ పేరు రాయలేదు.

అసలు కౌన్సిలే లేని రోజుల సంగతి? జీహెచ్ఎంసీ 2007 ఏప్రిల్లో పుట్టింది, దానికి మొదటి ఎన్నికలు 2009 నవంబరులో జరిగాయి. రెండున్నరేళ్ళు అధికారులే నడిపారు. విశాఖపట్నం ఇంకా ఘోరం. 2012లో కౌన్సిల్ గడువు తీరితే మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో. తొమ్మిదేళ్ళు! హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014లో ఆ మహానగరానికి ఎన్నికైన మేయర్ లేడు. గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతోంది. అది సలహా కాదు, ఆదేశం.

అసలు చిక్కు 243-డబ్ల్యు దగ్గర ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 పనులు రాసింది. నగర ప్రణాళిక, నీటి సరఫరా, అగ్నిమాపకం, పార్కులు, వీధి దీపాలు, శ్మశానాలు అన్నీ ఉన్నాయి. కానీ ఈ అధికారాలు రాష్ట్ర శాసనసభ మునిసిపాలిటీలకి ఇవ్వవచ్చు అంది, ఇవ్వాలి అనలేదు. ఒక్క మాట తేడా. మేం ప్రోగ్రాములు రాసేటప్పుడు ఇలాంటి ఒక్క మాట దగ్గరే కొంపలు మునుగుతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదే ఇది. ముప్ఫై ఏళ్ళు దాటింది, పూజారులు చాలామంది మారారు.

నాకు వచ్చే జవాబు ముందే తెలుసు. "కార్పొరేటర్లకి అధికారమిస్తే దోచుకుతింటారండీ, ఐఏఎస్ అధికారులే నయం" అంటారు. మన పార్టీల్లో, పాట్‌లక్కుల్లో వందసార్లు విన్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను. దోచుకునేవాళ్ళు లేరని నేననను. భవనం అనుమతుల దగ్గర, స్థలాల దగ్గర ఏం జరుగుతుందో ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. అయితే మంచి చేసే అధికారం లేకుండా అడ్డుపడే పలుకుబడి మాత్రమే ఉన్న పదవికి ఎలాంటివాళ్ళు పోటీ చేస్తారు? మా మామయ్య లాంటివాళ్ళు ఒక దఫా చేసి ఇంటికి పోతారు. పోనీ, అధికారులే నయమైతే తొమ్మిదేళ్ళు అధికారులే ఏలిన విశాఖలో మోరీలు అద్దంలా మెరవాలి కదా. అక్కడి మిత్రులెవరైనా మెరిశాయని రాస్తే ఈ పేరా వెనక్కి తీసుకుంటాను.

మన గురించి కూడా ఒక మాట. 2020 ఫిబ్రవరిలో సియాటిల్ కౌన్సిల్ భారత పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసినప్పుడు అటూ ఇటూ మాట్లాడటానికి మనవాళ్ళు వచ్చారు. ఆ చట్టం మీద ఎవరి అభిప్రాయం వారిది. దేశం కాని దేశంలో ఉన్న ఒక సిటీ కౌన్సిల్ తీర్మానం ఢిల్లీలో ఎంత పనిచేస్తుందన్నది కూడా పక్కన పెడదాం. మామూలు మంగళవారాల్లో, పార్కులో లైట్ల మీదా బస్సు రూటు మీదా చర్చ జరిగే రాత్రి, మాలో ఎంతమందిమి ఉంటున్నాం? మా ఊళ్ళో తెలుగు కుటుంబాలు వందల్లో ఉన్నాయి. మీటింగుకి వచ్చేది ఇద్దరం, ఒక్కోసారి నేనొక్కణ్ణే. పైవాడికి ఉత్తరం రాయడం మనకి అలవాటు. పక్క వీధిలో కుర్చీలో కూర్చుని వినడం అలవాటు లేదు.

కాబట్టి వినతిపత్రం మీద నా అభ్యంతరం ఇదీ. పదకొండు కోరికల్లో తొమ్మిది నగరం తానే చేసుకోవలసినవి. వాటిని ముఖ్యమంత్రి గారి కాళ్ళ దగ్గర పెడితే, ఆయన రేపు ఒక నాలాలో పూడిక తీయించి మనతో ఫోటో దిగుతారు, మనం న్యూస్‌లెటర్‌లో వేసుకుంటాం. పన్నెండో షెడ్యూలు అక్కడే ఉంటుంది. ఆ తొమ్మిదీ తీసేసి మూడు పెట్టండి. ఒకటి, 18 పనుల్లో ఏవి, ఏ తేదీకి, ఎంత డబ్బుతో కార్పొరేషన్లకి అప్పగిస్తారో చట్టంలో రాయమనండి. రెండు, వాటర్ బోర్డులో, హెచ్ఎండీఏలో సగానికి తక్కువ కాకుండా ఎన్నికైన నగర ప్రతినిధులు ఉండాలనండి. మూడు, కౌన్సిల్ అజెండా మూడు రోజుల ముందు తెలుగులో, ఉర్దూలో బయట పెట్టి, ప్రతి సమావేశంలో మామూలు జనానికి ఒక గంట మాట్లాడే వీలివ్వమనండి. ఈ మూడోదానికి రూపాయి ఖర్చు లేదు. అందుకే అదే అన్నిటికన్నా కష్టమని నా అనుమానం. అదే పత్రం అమరావతికి కూడా పంపండి, విశాఖ, విజయవాడ, గుంటూరు మిత్రులు సంతకాలు పెడతారు.

చెరువుల కంచె, కుక్కల సంగతి ఉంచాలంటే ఉంచండి, వాటి కోసం నేను పోట్లాడను. మార్చిన ముసాయిదా శనివారం కాన్ఫరెన్స్ కాల్ లోపు వస్తే సంతకం పెడతాను. రాకపోతే ఆ కాల్‌లో ఇదే మాట మళ్ళీ చెబుతాను.

ఇక్కడి సంగతికొస్తే, వచ్చే మంగళవారం మా కౌన్సిల్లో చెత్త కాంట్రాక్టు రేట్లు పెంచే అంశం ఉంది. నేను ఆరున్నరకి బయల్దేరుతున్నాను. కార్లో ముగ్గురికి చోటుంది.