పండుగ మనది.. పాట ఎవరిది?

యూట్యూబ్ వీడియోలపై హక్కుల క్లెయిములు.. అవగాహన లేక నష్టపోతున్న పల్లె చానళ్లు

వడ్డాది (చోడవరం): గ్రామదేవత పండుగ వచ్చిందంటే ఊరేగింపు ముగియకముందే ఆ దృశ్యాలు యూట్యూబ్‌కు చేరుతున్నాయి. తప్పెటగుళ్లు, కోలాటం, సాము గరిడీలను సెల్‌ఫోన్‌లో చిత్రించి, వలస వెళ్లిన తమ ఊరివారికి చూపించాలని యువకులు ఉబలాటపడుతున్నారు. అయితే కొద్ది గంటలకే 'మీ వీడియోపై కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది' అన్న సందేశం ప్రత్యక్షమవుతుంది. పోలీసు కేసు పడిందేమోనని హడలిపోయి వీడియో తీసేసేవారు కొందరైతే, హెచ్చరికలను లెక్కచేయక చివరకు చానల్‌నే పోగొట్టుకునేవారు మరికొందరు. ఈ రెండింటికీ మూలం అవగాహనలేమే.

క్లెయిమ్ వేరు.. స్ట్రైక్ వేరు

యూట్యూబ్ 2007 నుంచి 'కంటెంట్ ఐడీ' అనే వ్యవస్థను నడుపుతోంది. సంగీత, సినిమా సంస్థలు తమ పాటల నమూనాలను అందులో భద్రపరుస్తాయి. కొత్తగా చేరే వీడియోలను కంప్యూటరే వాటితో పోల్చి చూస్తుంది. ఊరేగింపు వెనుక డీజేలో మోగిన సినిమా పాట పోలినా క్లెయిమ్ దానంతటదే పడుతుంది. అప్పుడు హక్కుదారు వీడియోను అడ్డుకోవచ్చు, ప్రకటనల ఆదాయాన్ని తాను తీసుకోవచ్చు, లేదా ఎందరు చూశారో గమనిస్తూ ఊరుకోవచ్చు. దీనివల్ల సాధారణంగా చానల్‌కు ముప్పు లేదు.

స్ట్రైక్ సంగతి అలా కాదు. వీడియోను తొలగించాలని హక్కుదారు చట్టప్రకారం కోరినప్పుడు అది పడుతుంది. 90 రోజుల వ్యవధిలో మూడు స్ట్రైకులు పడితే చానల్ రద్దు కావచ్చు. ఏళ్ల తరబడి కూడబెట్టిన వీడియోలన్నీ దానితోపాటే పోతాయి.

ఒక పాటకు పలువురు హక్కుదారులు

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ వేర్వేరు హక్కులు. రచయిత, స్వరకర్తల హక్కు వారి జీవితకాలంతోపాటు మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్‌పై హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. గాయకులకు, కళాకారులకు తమ ప్రదర్శనపై 50 ఏళ్ల హక్కు విడిగా ఉంది. తాను స్వరపరిచిన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడరాదంటూ 2017లో ఇళయరాజా తరఫున ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు అందినప్పుడు జనం విస్తుపోయారు. పాడిన గొంతుకే పాట సొంతం కాదన్న సంగతి ఆనాడు చాలామందికి తెలిసివచ్చింది.

భగవద్గీత శ్లోకాలు అందరివీ. కానీ 1974లో కన్నుమూసిన ఘంటసాల గళంలోని గీత రికార్డుపై హక్కు కాలం ఇంకా తీరలేదు. అన్నమయ్య కీర్తనను మనమే పాడి పెట్టుకుంటే తప్పు లేదు. మరొకరి క్యాసెట్టులోని పాటను ఎత్తి పెడితేనే చిక్కు.

జానపదానికి దిక్కెవరు?

ఉత్తరాంధ్రకు ఈ వివాదం కొత్త కాదు. పార్వతీపురం ప్రాంతం నుంచి ఎదిగిన వంగపండు ప్రసాదరావు, తన 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' పాటలోని మాటలను 'మగధీర' చిత్రంలో అనుమతి లేకుండా వాడారని 2009లో అభ్యంతరం తెలిపారు. ప్రజల నోళ్లలో నానిన పాట కనుక అందరిదీ అనుకోవడం పొరపాటు. వంగపండు 2020 ఆగస్టులో కన్నుమూశారు. చట్టం లెక్కన ఆయన రచనలపై హక్కు 2080 చివరి వరకు ఉంటుంది.

కర్త తెలియని పాతకాలపు పదాలది మరో సమస్య. వాటిపై ఎవరికీ గుత్తహక్కు లేదు. అయితే అదే పదాన్ని ఒక సంస్థ రికార్డు చేసి నమూనాగా చేర్చిందనుకుందాం. తాత నేర్పిన పాటను సొంత గొంతుతో పాడిన తప్పెటగుళ్ల కళాకారుడి వీడియోపైనా క్లెయిమ్ పడే వీలుంది. బాణీ ఎక్కడిదో, ముందు పాడిందెవరో యంత్రానికి తెలియదు. ముందుగా నమోదు చేసుకున్నవారినే అది యజమానిగా గుర్తిస్తుంది. ఇలాంటి చోట మౌనంగా ఉంటే వచ్చే నాలుగు రూపాయలూ మరొకరి ఖాతాకే పోతాయి.

వీడని అపోహలు

పది సెకన్ల లోపు వాడితే ఫరవాలేదన్న నిబంధన ఏ చట్టంలోనూ లేదు. 'హక్కులన్నీ అసలు యజమానివే' అని కింద రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్లు కాదు. విమర్శ, సమీక్ష, వర్తమాన వ్యవహారాల వార్తల కోసం సముచితంగా వాడుకునేందుకు చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపుల్లో పాటలు వినిపించడానికీ అదే సెక్షన్ వీలు కల్పించింది. ఆ వీడియోను ప్రపంచమంతటికీ చూపేందుకు కూడా ఈ వెసులుబాటు వర్తిస్తుందని భరోసా పెట్టుకోరాదు.

చేయవలసిందేమిటి?

క్లెయిమ్ పడితే ముందుగా ఏ పాటపై, ఏ నిమిషం వద్ద, ఎవరు వేశారో చూడాలి. అది సినిమా పాటే అయితే ఆ భాగాన్ని కత్తిరించడం, ధ్వనిని తీసేయడం, లేదా యూట్యూబ్ ఉచితంగా ఇచ్చే సంగీతాన్ని జోడించడం సులువైన మార్గాలు. పాట తమదే అయితే వెనుకాడకుండా 'డిస్ప్యూట్' నమోదు చేయాలి. అవతలివారికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా స్పందించకుంటే క్లెయిమ్ తొలగిపోతుంది. ఆదాయం వచ్చే చానళ్లవారు క్లెయిమ్ పడిన ఐదు రోజుల్లోపే అభ్యంతరం తెలిపితే, వివాదం తేలేవరకు తొలిరోజు నుంచీ ఆ సొమ్మును యూట్యూబ్ పక్కన పెడుతుంది. హక్కు లేకుండా మొండిగా వాదిస్తే మాత్రం క్లెయిమ్ కాస్తా స్ట్రైక్‌గా మారే ప్రమాదముంది.

పండుగ కమిటీలు, కళాబృందాలు చిత్రీకరణకు ముందే ఒక కాగితంపై రాసుకోవడం మేలు. పాడినవారెవరు, తీసినవారెవరు, ఆదాయం వస్తే ఎవరికెంత అన్నది అందులో ఉండాలి. బృందాలు తమ పాటలను తేదీతో సహా ముందుగా తామే రికార్డు చేసి ఉంచుకుంటే, రేపు వివాదం వచ్చినప్పుడు అదే సాక్ష్యమవుతుంది. తరతరాలుగా నోటికి నోటిగా వచ్చిన పాటకు ఇన్నాళ్లూ కాగితంతో పని పడలేదు. ఇకపై ఆ కాగితం లేకుంటే, పాడేది మనవాళ్లయినా పైకం పరులదే అవుతుంది.