డీజే ‘ప్రతిభ’కు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

డ్యాన్స్ ఫ్లోర్ మీద రంగు, వర్గం ఉండవని, మంచి బీట్ వేసినవాడిదే రాజ్యమని ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్ గురించి చెబుతుంటారు. ఆ సంగీత చరిత్ర చెప్పేది వేరు. డీజే ఎదుగుదలలో జనం చప్పట్ల కంటే ముందు రావాల్సింది తోటి డీజేల గుర్తింపు. కొత్తవారిని పిలిచే ముందు క్లబ్ నిర్వాహకులు తమకు తెలిసిన డీజేలను అడుగుతారు. పేరున్న డీజే తన సెట్‌లో ఒక కొత్త ట్రాక్ వేస్తే దాని విలువ పెరుగుతుంది. పెద్ద షోకు ముందు వాయించే అవకాశం, లేబుల్‌తో ఒప్పందం చాలావరకు పరిచయాల మీదే నడుస్తాయి. కాబట్టి ఆ పరిచయాల వలయంలో ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

హౌస్ మ్యూజిక్ పుట్టుకనే చూద్దాం. 1977లో చికాగోలో ‘వేర్‌హౌస్’ క్లబ్ కోసం రాబర్ట్ విలియమ్స్ మొదట అడిగింది న్యూయార్క్ డీజే లారీ లెవాన్‌ను. ఆయన రానన్నారు. ఆ అవకాశం ఆయన స్నేహితుడు ఫ్రాంకీ నకుల్స్‌కు దక్కింది. ‘హౌస్’ అన్న పేరు ఆ క్లబ్ నుంచే వచ్చిందంటారు. తర్వాత అదే నగరంలో ‘ఫ్యూచర్’ బృందంలోని కుర్రాళ్లు తమ టేపును రాన్ హార్డీకి ఇచ్చారు. ‘మ్యూజిక్ బాక్స్’ క్లబ్‌లో ఆయన దాన్ని పదేపదే వేశారు. 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ పేరుతో రికార్డుగా వచ్చిన ఆ టేపు ఒక కొత్త శైలికే నాంది అయింది. ఇక్కడ గుర్తించినవారూ, గుర్తింపు పొందినవారూ ప్రధానంగా నల్లజాతివారు. వారిలో చాలామంది గే. బయటి సమాజం తలుపులు మూస్తే తమ వేదికను తామే కట్టుకున్నారు.

డబ్బు వచ్చాక వలయం చేతులు మారింది. ఫోర్బ్స్ పత్రిక 2012లో అత్యధిక ఆదాయం గల డీజేల జాబితా మొదలుపెట్టింది. 2013లో 4.6 కోట్ల డాలర్లతో కాల్విన్ హారిస్ అగ్రస్థానంలో నిలిచాడు. ఆ రెండేళ్ల జాబితాల్లో చికాగో, డెట్రాయిట్ తొలితరం నల్లజాతి డీజే ఒక్కరూ లేరు. వారి నైపుణ్యం తగ్గిందా? లేదు. పెద్ద ఫెస్టివళ్లు, ఏజెంట్లు, లేబుళ్ల మధ్య ఒకరినొకరు సిఫారసు చేసుకునే కొత్త వలయం ఏర్పడింది. అందులో వారికి చోటు లేదు.

నల్లజాతి డీజే కార్ల్ కాక్స్ 1997లో డీజే మ్యాగ్ టాప్ 100లో మొదటి స్థానం పొందారు కదా అనవచ్చు. ఒకరు పైకి వచ్చినంత మాత్రాన తలుపు అందరికీ తెరిచినట్టు కాదు. రెసిడెంట్ అడ్వైజర్ సంస్థ తన టాప్ డీజేల పోల్‌ను 2017లో ఆపేసింది. మహిళలకూ, శ్వేతేతరులకూ అందులో తగిన చోటు దక్కడం లేదన్నది అందుకు ముఖ్య కారణం. ఓటు వేసేది జనమే అయినా, వారు ఓటు వేయగలిగేది తమకు వినిపించిన పేర్లకే.

జాతి, కులం ఒకటి కావు. కానీ ‘మెరిట్’ అనే మాట రెండు చోట్లా ఒకేలా పనిచేస్తుంది. ఇంటర్వ్యూ బోర్డు, గైడ్ ఎంపిక, సిఫారసు లేఖ దాటి వచ్చిన దళిత విద్యార్థికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. డప్పు దరువు అందరికీ కావాలి. దరువు వేసేవారిని కళాకారులుగా పిలిచే వేదికలు మాత్రం కొన్నే.

అందుకే ప్రాతినిధ్యం అడిగేటప్పుడు వేదిక మీద ఎవరున్నారన్నది ఒక్కటే లెక్కించకూడదు. ఎంపిక చేసేవారు ఎవరు, ఎవరి మాట మీద ఎంపిక చేస్తున్నారు అన్నదీ అడగాలి. అంబేడ్కర్ జయంతి సభల నుంచి క్యాంపస్ ఫెస్ట్‌ల దాకా కళాకారులను పిలిచే పని మన చేతుల్లో ఉన్న చోట్లు ఉన్నాయి. రాన్ హార్డీలా, పేరు తెలియని కుర్రాడి టేపును విని, ఇంకోసారి వేసే పని అక్కడ మనమే మొదలుపెట్టవచ్చు.